కువైట్ నీళ్లకే జుట్టు ఊడుతోందా?

2025లో మన దేశంలో జుట్టు నాలుగుసార్లు వార్తల్లోకెక్కింది. జనవరిలో మహారాష్ట్ర బుల్ధానా జిల్లా షేగావ్ తాలూకా పల్లెల్లో ఆడా మగా, పిల్లా పెద్దా తేడా లేకుండా మూడు నాలుగు రోజుల్లోనే తలలు బోడులయ్యాయి. మార్చిలో పంజాబ్‌లోని సంగ్రూర్‌లో బట్టతల మీద జుట్టు మొలిపిస్తామని శిబిరం పెట్టి నూనె రాస్తే, పదుల మంది కళ్లు మండి, వాచి ఆసుపత్రికి పరుగెత్తారు. పోలీసు కేసయింది. ఏప్రిల్‌లో మన హైదరాబాద్ ఉప్పల్‌లో ఢిల్లీ నుంచి వచ్చిన సెలూన్ వాళ్ల దగ్గర గుండు చేయించుకుని మందు పూయించుకోవడానికి వందల మంది బారులు తీరారు. అదే మార్చిలో కాన్పూర్‌లో జుట్టు నాటించుకున్న ఒక ఇంజినీరు చనిపోయారు. నాటినవారి చదువు దంతవైద్యమని ఆ తర్వాత వార్తలొచ్చాయి.

నాలుగూ వేర్వేరు ఊళ్లు, వేర్వేరు సంగతులు. కానీ సంగ్రూర్, ఉప్పల్, కాన్పూర్‌లకు జనాన్ని తీసుకెళ్లింది ఒకటే: ఎందుకు ఊడుతోందో తెలుసుకోకముందే మందు కోసం వెతకడం. బుల్ధానా మాత్రం దానికి తిరగేసిన పాఠం. అక్కడ కారణం వెతికారు. ఆ వెతకడంలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. అందుకే ముందు అది చెప్తాను.

మొదట అనుమానం నీళ్ల మీదికే పోయింది. నీళ్లు పరీక్షిస్తే నైట్రేట్లు ఎక్కువ కనిపించాయి. ఇంకేం, నీళ్లదే తప్పు అన్నారు. తర్వాత ఐసీఎంఆర్ శాస్త్రవేత్తలు వచ్చారు, రక్తం, జుట్టు నమూనాలు తీసుకెళ్లారు. తేలు కాటు వైద్యంతో పేరు తెచ్చుకున్న డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ సొంతంగా పరిశీలించి, రేషను గోధుమల్లో సెలీనియం మితిమీరి ఉందనీ, బాధితుల ఒంట్లోనూ అదే ఎక్కువగా ఉందనీ చెప్పారు. సెలీనియం మన ఒంటికి కావలసిందే, కానీ చిటికెడులో చిటికెడు. ఎక్కువైతే జుట్టూ గోళ్లూ రాలతాయి. జుట్టుకు మంచిదని అమ్మే మాత్రల్లో కూడా సెలీనియం ఉంటుందన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోండి.

కువైట్‌లో మన వాళ్లదీ మొదటి అనుమానం నీళ్ల మీదే. అబ్బాసియా, ఫర్వానియా, సాల్మియా, ఫహాహీల్, మంగఫ్... ఎక్కడ నలుగురు తెలుగు ఆడవాళ్లు కలిసినా ఈ మాట వస్తుంది. "ఈ ఉప్పునీళ్లకే అక్కా, ఊళ్లో ఉన్నప్పుడు నా జడ ఇంత లావుండేది" అని. నేను చదివింది బీఎస్సీ. డాక్టర్ని కాను. కానీ ఈ మాటను కెమిస్ట్రీ చదివిన కళ్లతో ఒకసారి చూడాలనిపించింది.

ఇక్కడి నీళ్ల సంగతి

కువైట్‌కు నది లేదు. ఒకప్పుడు తాగే నీళ్లు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో వచ్చేవి. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు మొదలైంది. ఇప్పుడు దోహా, అజ్జోర్, షుఐబా, సబియా వంటి చోట్ల ఉన్న ప్లాంట్ల నుంచే మన కుళాయి నీళ్లలో అధిక భాగం వస్తుంది. సముద్రపు నీటిని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. అది మరీ చప్పగా ఉంటుంది కనుక, పైపులను తినేస్తుంది కనుక, అందులో కొద్దిగా భూగర్భజలం కలిపి, క్లోరిన్ వేసి పంపుతారు.

అంటే, సముద్రం నుంచి వచ్చింది కాబట్టి ఉప్పగా ఉంటుందనుకోవడం సరికాదు. మనలో చాలామంది కడప, అన్నమయ్య జిల్లాల వాళ్లం. అక్కడి బోరు నీళ్లతో సబ్బు నురగ రాక, బిందె అడుగున తెల్లటి పొర కట్టడం చిన్నప్పటి నుంచి చూసిన వాళ్లమే. ఆ నీళ్లతో పోసుకున్నప్పుడు లావుగా ఉన్న జడ, ఇక్కడి నీళ్లకు పలచబడిందంటే లెక్క కుదరదు.

సరే, కఠినజలమే అనుకుందాం. దానివల్ల జుట్టు ఊడుతుందా? కోయంబత్తూరు వైద్యులు 2013లో కఠినజలంలో, డిస్టిల్డ్ వాటర్‌లో వెంట్రుకలు నానబెట్టి వాటి బలం కొలిస్తే పెద్ద తేడా కనిపించలేదు. 2018లో పాకిస్థాన్ పరిశోధకులు చేస్తే వెంట్రుక బలం కొంత తగ్గినట్టు తేలింది. రెండింటిలోనూ కొలిచింది తెంపిన వెంట్రుకనే. కుదురును కాదు. నీళ్లు వెంట్రుకను గరుకు చేయవచ్చు, మధ్యలో తెగేలా చేయవచ్చు. చర్మం లోపల ఉన్న కుదురు దాకా వెళ్లి దాన్ని ఊడబెరికే శక్తి వాటికి లేదు.

ఇక్కడి నీళ్లతో నిజంగా ఉన్న ఇబ్బంది వేరు. అది వేడి. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. ఎండాకాలం డాబా మీది ట్యాంకులో కాగిన నీళ్లు చన్నీళ్ల కుళాయిలోంచి కూడా పొగలు కక్కుతూ వస్తాయి. ఆ నీళ్లతో రోజూ తలంటుకుంటే తల చర్మం ఎండిపోతుంది, వెంట్రుకలు చిట్లుతాయి. ముందు రోజు రాత్రే బకెట్లో పట్టి ఇంట్లో ఉంచితే సరిపోయే సమస్య ఇది. షవర్‌కు బిగించే ఖరీదైన ఫిల్టరు క్లోరిన్ వాసన కొంత తగ్గించవచ్చు. రాలే జుట్టును ఆపదు.

ఊడటం వేరు, తెగడం వేరు

దువ్వెనలో వచ్చిన వెంట్రుకను వెలుతురులో పట్టి చూడండి. ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బొడిపె లేకుండా, పొట్టిగా, చివర చీలి ఉంటే అది మధ్యలో తెగింది. తెగితే వేడినీళ్లు, స్ట్రెయిటనర్లు, రంగులు, గట్టి రబ్బరుబ్యాండ్లు మార్చుకోవాలి. ఊడితే కారణం ఒంట్లో ఉంది. పైన ఏం రాసినా లోపలి కారణం పోదు.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, తర్వాత రెండు మూడు నెలలు నిద్రపోతుంది, ఆపై ఊడి, అదే కుదురు నుంచి కొత్తది మొదలవుతుంది. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు మాత్రం పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒకేసారి నిద్రలోకి జారుకుంటాయి. కాన్పు, డెంగీ, కోవిడ్ వంటి జ్వరం, ఆపరేషను, ఒక్కసారిగా బరువు తగ్గడం, తీవ్రమైన దిగులు... ఇవన్నీ దెబ్బలే. నిద్రలోకి జారిన వెంట్రుకలు ఊడేది అప్పుడు కాదు, రెండు మూడు నెలల తర్వాత. వైద్యులు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు.

కువైట్ నీళ్ల మీద నింద ఎందుకు పడిందో ఇక్కడే తెలుస్తుంది. ఊరు వదిలి రావడమే ఒక దెబ్బ. వీసా తిప్పలు, అప్పు, పిల్లల్ని అమ్మ దగ్గర వదిలేసి రావడం, కొత్త ఇంట్లో నిద్ర లేకపోవడం, రాత్రి ఖుబూస్, సులేమానీ చాయ్‌తో సరిపెట్టుకోవడం. మూడో నెలలో జుట్టు కుచ్చులుగా వస్తుంది. అప్పుడు కళ్ల ముందు కనిపించే కొత్త వస్తువు నీళ్లే. నింద దాని మీద పడుతుంది.

ఇంకో సంగతి. కారణం తొలగిపోతే ఈ రకం రాలడం చాలామందిలో ఆరు నెలలకు దానంతటదే తగ్గుతుంది. ఆ ఆరు నెలల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి వాడే ఉంటారు. ఫిల్టరు బిగించినవారు ఫిల్టరు వల్ల అంటారు, ఊరి నుంచి నూనె తెప్పించుకున్నవారు నూనె వల్ల అంటారు, గుండు చేయించుకున్నవారు గుండు వల్ల అంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ ఊరికే ఉన్నా తగ్గేదాన్ని మందు ఖాతాలో వేస్తున్నారు. వాట్సాప్‌లో వచ్చే "ముందు, తర్వాత" ఫొటోల్లో చాలావాటి వెనకున్న రహస్యం ఇదే. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, భక్తి. కత్తి కుదురును తాకదు కాబట్టి గుండు వల్ల జుట్టు ఒత్తుగా రాదు. మొద్దుగా తెగిన చివర చేతికి గరుగ్గా తగలడం వల్ల అలా అనిపిస్తుంది.

ఆరు నెలలైనా తగ్గకపోతే?

అప్పుడు మొదటి ఖర్చు రక్తపరీక్షకు పెట్టాలి. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్, విటమిన్ డి, బి12. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మనలో సగం మందికి పైగా విమానం ఎక్కేటప్పటికే రక్తం తక్కువ. కువైట్ నీళ్లు ఇంకా తాగకముందు సంగతి ఇది. హిమోగ్లోబిన్ బాగున్నా, ఇనుము నిల్వలను చూపే ఫెర్రిటిన్ అడుగంటి ఉండవచ్చు. అన్నం తినగానే టీ తాగే అలవాటు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి. ఎండల దేశంలో ఉన్నా ఏసీ గదుల్లోనే బతుకుతాం కాబట్టి విటమిన్ డి తక్కువ ఉండటమూ ఇక్కడ మామూలే.

ఒక జాగ్రత్త. జుట్టు కోసం బయోటిన్ గమ్మీలు, మాత్రలు మింగుతున్నవారు పరీక్షకు వెళ్లేముందు ఆ మాట డాక్టరుకు చెప్పాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను తప్పుదోవ పట్టిస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షే కాదు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పు చూపవచ్చు. బయోటిన్ లోపం నిజంగా ఉన్నవారు చాలా అరుదు. లోపం లేనివారికి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఇప్పుడు కొత్తగా చేరిన కారణం, బరువు తగ్గించే ఇంజెక్షన్లు. గల్ఫ్‌లో వీటి వాడకం మన కళ్ల ముందే పెరిగింది, ఇండియాలోనూ 2025లో మౌంజారో వచ్చింది. వెగోవీ పరీక్షల్లో మందు తీసుకున్న పెద్దవాళ్లలో 3 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 1 శాతం మందికి జుట్టు రాలింది. బరువు వేగంగా తగ్గడమే దీనికి ప్రధాన కారణమంటారు. ఇంజెక్షన్ వేసుకుంటూ జుట్టు డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ సంగతి దాచకండి. ప్రోటీన్ తగ్గకుండా చూసుకోండి.

మందుల్లో ఏది ఎంత

మగవారికి నుదుటి దగ్గర, నడినెత్తిన పలచబడుతూ వచ్చే బట్టతల, ఆడవారికి పాపిట వెడల్పవడం వంశపారంపర్యం. ఇది దానంతటదే తగ్గదు. దీనికి ఎక్కువ ఆధారం ఉన్న మందులు రెండే.

మొదటిది మినాక్సిడిల్. ఇది రక్తపోటు మాత్రగా పుట్టింది. వాడినవారికి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు, అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలవచ్చు. చాలామంది అప్పుడే భయపడి మానేస్తారు, పెట్టిన డబ్బు వృథా. పనిచేసినా, మానేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. కాబట్టి మొదలుపెట్టేముందే "ఏళ్ల తరబడి వాడగలనా" అని అడుగుకోవాలి. గర్భంతో ఉన్నవారు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఇది విషం, సీసా, దిండు గలీబు జాగ్రత్త. ఇదే మందును తక్కువ మోతాదు మాత్రగా ఇప్పుడు చాలామంది డాక్టర్లు రాస్తున్నారు. అది డాక్టరు చూసి, బీపీ, గుండె పరిస్థితి తెలుసుకుని ఇవ్వవలసిందే.

రెండోది ఫినాస్టరైడ్, మగవారికి. 1 మిల్లీగ్రాము మాత్రకు 1997లో అనుమతి వచ్చింది. పనిచేస్తుంది. కానీ కొందరిలో లైంగిక సమస్యలు, మనసు కుంగడం వస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ప్రభావమేనని యూరప్ మందుల సంస్థ 2025 మేలో నిర్ధారించింది. మందును మాత్రం నిషేధించలేదు, లాభమే ఎక్కువని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ, ఆన్‌లైన్‌లో అమ్మే తలకు రాసే ఫినాస్టరైడ్ మిశ్రమాల గురించి తనకు 32 ఫిర్యాదులు వచ్చాయని హెచ్చరించింది. "రాసుకునేదే కదా" అనుకోవద్దు, అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. బ్యాచిలర్ గదుల్లో ఒంటరిగా ఉంటూ, పెళ్లిచూపుల లోపు జుట్టు రావాలన్న తొందరలో స్నేహితుడి చీటీ మీద ఈ మాత్రలు మింగే తమ్ముళ్లకు ఈ మాట ముఖ్యం. మనసు బాగోలేకపోతే మాత్ర ఆపి డాక్టరును కలవండి. గర్భిణులు పగిలిన మాత్రను చేత్తో కూడా ముట్టకూడదు.

ఇక పేనుకొరుకుడు. ఏ పురుగూ కొరకదు. మన రోగనిరోధక శక్తే పొరబడి కుదుళ్ల మీద పడటం వల్ల రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చలు వస్తాయి. చిన్న మచ్చలు చాలావరకు ఏడాదిలోపు వాటంతటవే నిండుతాయి. కాకపోతే చర్మవైద్యులు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. గురివింద గింజ నూరి పూయడం మన వైపు పాత అలవాటు. ఆ గింజలో ఉన్నది ప్రాణాంతకమైన విషం, పిల్లలున్న ఇంట్లో దాన్ని నూరడమే ప్రమాదం. తలంతా పోయేంత తీవ్రమైన వారికి ఇప్పుడు కొత్త మాత్రలున్నాయి. బారిసిటినిబ్‌కు 2022లో, 12 ఏళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్‌కు 2023లో ఎఫ్‌డీఏ అనుమతించింది. ఇవి రోగనిరోధక శక్తిని అణిచే మందులు, పరీక్షలు చేస్తూ ఇవ్వాలి.

రాలిన చోట మంట, నొప్పి ఉండి, చర్మం నున్నగా మెరుస్తూ రంధ్రాలు కనిపించకపోతే నూనెలతో కాలం గడపకండి. అది కుదురునే చంపే రకం కావచ్చు. పోయిన కుదురు తిరిగి రాదు. పిల్లల తలలో పొట్టుతో మచ్చ వస్తే ఫంగస్ కావచ్చు, దానికి మింగే మందు కావాలి.

సెలవులో నాటించుకోవడం

ఊరికి నెలా, నెలన్నర సెలవు మీద వెళ్లేవారికి "సెలవులోనే జుట్టు" అంటూ ప్రకటనలు వస్తాయి. నాటడమంటే కొత్త జుట్టు పుట్టించడం కాదు. వెనక ఉన్నదాన్ని ముందుకు మార్చడం. వెనక ఉన్న నిల్వ పరిమితం. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో రాలి, అసలు ఫలితం తెలియడానికి తొమ్మిది నెలలు, ఏడాది పడుతుంది. అప్పటికి మీరు కువైట్‌లో ఉంటారు, నాటినవారు అక్కడ ఉంటారు. పక్కనున్న పాత జుట్టు రాలుతూనే ఉంటుంది కాబట్టి మందు తప్పదు. జ్వరం వల్లో, రక్తం తక్కువై పోయిన జుట్టుకో నాటడం దండగ. తలంతా పలచబడ్డ ఆడవారిలో చాలామందికి అది సరిపడదు.

జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. ఇది శస్త్రచికిత్స, తగిన శిక్షణ ఉన్న చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్ల వంటివారే చేయాలి అని. 2016లో చెన్నైలో నాటించుకున్న తర్వాత చనిపోయిన యువకుడు స్వయంగా వైద్యవిద్యార్థి. కాబట్టి బేరానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కత్తి పట్టేది ఎవరు, వారి డిగ్రీ ఏమిటి? మత్తు ఇచ్చేది ఎవరు? ఏదైనా అయితే ఆదుకునే ఏర్పాటు అక్కడే ఉందా? ఇంత జుట్టు ఊడటానికి కారణం ఏమని తేల్చారు? చివరి ప్రశ్నకు జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. రక్తం తీసి తిరిగి తలలోకి ఎక్కించే పీఆర్‌పీ కొందరికి కొంత ఉపయోగపడుతుంది, కానీ ఒక్కో చోట ఒక్కో పద్ధతి, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. మందులు వాడి చూడకముందే ప్యాకేజీ అంటగడితే అనుమానించండి.

మన చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. భారత ఔషధ, సౌందర్య సాధనాల నిబంధనల్లో షెడ్యూల్ జె అనే జాబితా ఉంది. అందులోని జబ్బులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. బట్టతల ఆ జాబితాలో ఉంది. అంటే "బట్టతల గ్యారంటీగా పోతుంది" అని సీసా మీద రాసి ఉంటే, ఆ రాతే తప్పు.

ఇక్కడ చేయగలిగింది

కువైట్‌లో మన ప్రాంతపు పాలీక్లినిక్‌లో మొదలుపెట్టవచ్చు. సబా ఆసుపత్రుల ప్రాంతంలో ప్రభుత్వానిదే అసద్ అల్ హమద్ చర్మవైద్య కేంద్రం ఉంది. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లినా, మొదటిరోజే షాంపూ, సీరం, మాత్రల కట్ట చేతిలో పెట్టి, ఒక్క ప్రశ్న అడగకుండా పంపేస్తే రెండో అభిప్రాయం తీసుకోండి. గత ఆరు నెలల్లో జ్వరం, కాన్పు, ఆపరేషన్, బరువు, నెలసరి, వాడుతున్న మందులు... వీటిని ఒక కాగితం మీద తేదీలతో రాసుకెళ్లండి. డాక్టరు దగ్గర దొరికే పది నిమిషాల్లో సగం పని ఆ కాగితమే చేస్తుంది. లేబుల్ లేని నూనె సీసాలు, మాత్రలు ఊరి నుంచి ఎవరి బ్యాగులోనూ పెట్టి తెప్పించుకోవద్దు. విమానాశ్రయంలో జవాబు చెప్పుకోవలసింది ఆ తెచ్చినవారు.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు డాక్టరు దగ్గరికి వెళ్లడం అంత తేలిక కాదని నాకు తెలుసు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్కార్ఫు కింద బిగించిన ముడి కూడా నుదుటి దగ్గర, చెవుల పక్కన జుట్టును లాగి పలచబరుస్తుంది. ముడి వదులు చేసుకోవడానికి, రాత్రి జడ విప్పుకోవడానికి ఖర్చు లేదు. మేడమ్‌ను అడిగి ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోమని చెప్పండి. జుట్టు పలచబడటం బయటికి కనిపించే గుర్తు మాత్రమే. దాని వెనక రక్తహీనతో, థైరాయిడ్డో ఉంటే, అది జుట్టుతో ఆగదు. ఆయాసం, నీరసం, రేపు పని చేయలేని ఒళ్లు. ఇంటికి డబ్బు పంపే చేతులు అవే కదా.

నీళ్లను తిట్టుకుంటూ కూర్చుంటే పోయేది జుట్టొక్కటే కాదు, అసలు జబ్బును పట్టుకునే సమయం కూడా. ఈ శుక్రవారం నలుగురు కలిసినప్పుడు "ఏ నూనె వాడుతున్నావు" అని కాకుండా "ఫెర్రిటిన్ ఎంతుంది" అని అడిగి చూడండి.